‘వచ్చును’కూ ‘వలెను’కూ నడుమ వృద్ధాశ్రమం

పార్లమెంటులో తరచు తలయెత్తే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దేశంలో వృద్ధాశ్రమాలు ఎన్ని, వాటికి ప్రభుత్వం చేస్తున్న సహాయమెంత అన్నది వాటిలో ఒకటి. ప్రశ్న వేసే సభ్యుడు మారుతుంటాడు. జవాబు చెప్పే మంత్రి మారుతుంటాడు. జవాబు స్వరూపం మాత్రం మారదు. కేంద్రం ఇచ్చే గ్రాంటుతో నడిచే ఆశ్రమాల పట్టిక ఒకటి రాష్ట్రాలవారీగా తయారై సభ ముందుకు వస్తుంది. గ్రాంటు పుచ్చుకోని ఆశ్రమాల సంగతి ఆ పట్టికకు ఎక్కదు. ధర్మసంస్థల పేరుతో నడిచేవి, మఠాల నీడన నడిచేవి, నగర శివార్లలో నెలసరి రుసుముపై వ్యాపారంగా నడిచేవి, మూడంతస్తుల ఇంటిలో ఒక అంతస్తు అద్దెకు తీసుకొని పది మంచాలు వేసినవి, ఇవన్నీ ఆ లెక్క వెలుపలే ఉండిపోతాయి.

ప్రెస్ గ్యాలరీలో కూర్చుండి ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నోత్తరాలు వింటున్న నాకు ఒక ప్రశ్న మాత్రం ఎన్నడూ వినబడలేదు. ఆ ఆశ్రమాలలో రాత్రిపూట మేలుకొని ఉండేది ఎవరు? పది మంచాలకు ఒకరా, ఇరవై మంచాలకు ఒకరా, అసలు ఎవరైనా ఉన్నారా? తోట ఎంత పచ్చగా ఉన్నది, ప్రార్థనామందిరం ఎంత శుభ్రంగా ఉన్నది అన్నవి పగటి సంగతులు. మంచం దిగలేని మనిషి బాగోగులు తేలేది రాత్రిపూటనే.

రాజధాని నగరానికే ఈ సంగతి చేదు అనుభవంగా తెలియవలసి వచ్చింది. 2023 జనవరి 1వ తేదీ, నగరం కొత్త సంవత్సరపు సంబరాలు ముగించుకొని నిద్రపోతున్న తెల్లవారుజామున, దక్షిణ ఢిల్లీలోని గ్రేటర్ కైలాష్-2లో వృద్ధుల సంరక్షణ గృహం ఒకటి మంటలలో చిక్కుకున్నది. వృద్ధ మహిళలు ఇద్దరు మరణించారు. తక్కిన వృద్ధులను వెలుపలికి చేర్చవలసి వచ్చింది. అది పేదల వాడ కాదు. ఢిల్లీలో సంపన్నులు నివసించే పేటలలో ఒకటి. డబ్బు పెట్టగలిగిన కుటుంబాలు తమ పెద్దలకు మంచి సేవ దొరకాలని చేర్పించిన చోటు. మంటలు డబ్బున్నవారినీ లేనివారినీ వేరుచేసి చూడవు. తనంతట తాను మెట్లు దిగలేని వ్యక్తికి ఆ వేళ కావలసింది ఒక్కటే: ఎత్తుకొని దింపగలిగే రెండు చేతులు.

ఇంకొక సంఘటన మన తెలుగు నేలపై జరిగినదే. 2020 జనవరిలో హైదరాబాదు శివారులోని నాగారంలో, వృద్ధాశ్రమమన్న పేరుతో నడుస్తున్న ఒక గృహం నుంచి 70 మందికి పైగా మనుషులను పోలీసులు వెలుపలికి తెచ్చారు. మానసిక రోగులనూ, మత్తు వ్యసనపరులనూ, వృద్ధులనూ ఇరుకు గదులలో కలిపి ఉంచారనీ, కొందరిని గొలుసులతో కట్టారనీ, కొట్టారనీ ఆనాడు ఆరోపణలు వచ్చాయి. అప్పుడు అధికారులు కదిలారు, పత్రికలు వ్రాశాయి. కొన్నాళ్ళకు అందరమూ మరచిపోయాము. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లన్నది మన సామెత. ఆశ్రమాల విషయంలో ఆ మొరుగుడు కూడా నాలుగు రోజుల ముచ్చటగానే ముగుస్తున్నది.

ఈ రెండు సంఘటనలలో ఒకటి సంపన్నులది, రెండవది నిరుపేదలది. ఒకటి ప్రమాదం, రెండవది క్రౌర్యమన్న ఆరోపణ. వీటిని కలిపే సూత్రం ఒక్కటే. అటువంటి గృహాన్ని తెరిచేందుకు యావద్దేశానికీ వర్తించే కనీస నిబంధన అంటూ ఏదీ ఆనాడు లేదు. పార్లమెంటు చేసిన చట్టం ఆ విషయంలో మౌనంగా ఉండిపోయింది.

ఆ చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. ‘తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం’ 2007 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందింది. మొత్తం 32 సెక్షన్లు. సంతానం నుంచి తల్లిదండ్రులు పోషణ వ్యయం ఎట్లా రాబట్టుకోవాలో వివరించే రెండవ అధ్యాయంలో 4వ సెక్షన్ మొదలు 18వ సెక్షన్ వరకు పదిహేను సెక్షన్లున్నాయి. ట్రైబ్యునల్ ఎట్లా ఏర్పడుతుంది, దరఖాస్తు ఎవరు పెట్టాలి, ఎన్ని రోజులలో తీర్పు రావాలి, అన్నీ అందులో వివరంగా ఉన్నాయి. వృద్ధాశ్రమాలకు కేటాయించిన మూడవ అధ్యాయంలో ఉన్నది ఒకే ఒక సెక్షన్, 19వది.

ఆ ఒక్క సెక్షన్‌లోని ఒక్క క్రియాపదం మీదనే ఈ వ్యవహారమంతా నిలిచి ఉన్నది. డిగ్రీ చదువులో ఆంగ్ల సాహిత్యం అభ్యసించిన వాడిని కావడం వల్ల చట్టాలు చదివేటప్పుడు నా దృష్టి ముందుగా క్రియాపదం మీదికే పోతుంది. నిరుపేద వృద్ధులు 150 మందికి తగ్గకుండా ఉండేటట్లు జిల్లాకు ఒకటి చొప్పున మొదలుపెట్టి, రాష్ట్ర ప్రభుత్వం అంచెలంచెలుగా ఆశ్రమాలు స్థాపించ‘వచ్చును’ అన్నది చట్టం. స్థాపించ‘వలెను’ అనలేదు. ఆశ్రమాల నిర్వహణకూ, అక్కడ అందవలసిన సేవల ప్రమాణాలకూ ఒక పథకాన్ని నిర్దేశించ‘వచ్చును’ అన్నది. అక్కడా ‘వలెను’ లేదు. కొడుకు తండ్రిని పోషించ‘వలెను’. పోషించకుండా వదలివేసినవానికి మూడు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సంతానానికి ఆజ్ఞాపించిన చట్టం ప్రభుత్వం దగ్గరకు వచ్చేసరికి మర్యాదగా సలహా చెప్పి ఊరుకున్నది. ఇక ప్రైవేటు ఆశ్రమాల యజమానికి ఆజ్ఞా లేదు, సలహా లేదు. తలుపు తెరిచే ముందు ఎవరి వద్దనైనా పేరు నమోదు చేయించుకోవాలన్న మాటే ఆ చట్టంలో కానరాదు.

19వ సెక్షన్ అమలుకై కేంద్రం పంపిన నమూనా నియమావళిలో, దాన్ని అనుసరించి పలు రాష్ట్రాలు చేసుకున్న నియమావళులలో కొన్ని కొలతలున్న మాట నిజమే. పడకగదిలో ఒక్కొక్కరికి ఏడున్నర చదరపు మీటర్ల చోటు ఉండాలి. వంటశాల, భోజనశాల వగైరాలన్నీ కలుపుకొని తలకు పన్నెండు చదరపు మీటర్లు ఉండాలి. మంచిదే. కాని ఇవి ఆ చట్టం క్రింద ప్రభుత్వాలు పెట్టే ఆశ్రమాలను ఉద్దేశించినవి. పైగా గదిని కొలవడం తేలిక. గదిలో ఉన్న మనిషిని రాత్రికి ఎన్నిమార్లు పలకరించారో కొలవడమే కష్టం. కష్టమైన దాన్ని నియమావళి తన నెత్తిన వేసుకోలేదు.

కొద్ది వారాల క్రితం దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రైవేటు గృహానికి వెళ్ళివచ్చాను. కేంద్ర సచివాలయంలో ఉపకార్యదర్శిగా పనిచేసి విరమించిన గుంటూరు జిల్లా పెద్దమనిషి ఒకరు అక్కడ ఉంటున్నారు. వయస్సు ఎనభై నాలుగు. భార్య గతించింది. కుమారుడూ కుమార్తే ఇద్దరూ అమెరికాలో ఉన్నారు. నెలకు యాభై వేల రూపాయలు వారే పంపుతున్నారు. మేనేజరు నాకు ముందుగా తోట చూపించాడు, తరువాత టెలివిజన్ హాలు, ఆ తరువాత పండుగల నాటి ఫొటోలు చూపించాడు. ఆయనది వినయమైన మాట. తప్పు పట్టవలసినదేమీ నాకు కనబడలేదు.

మేనేజరు వెళ్ళిపోయిన తరువాత పెద్దాయన కుర్చీ దగ్గరకు జరుపుకోమన్నారు. “భోజనానికి లోటు లేదు నాయనా. మనిషి కూడా మంచివాడే. కాని సచివాలయంలో ముప్పయి నాలుగేళ్ళు ఫైళ్ళు చూసిన వాడిని నేను. ఇక్కడ నా గురించి ఫైలే లేదు” అన్నారు. ఏ మాత్ర ఏ పూట వేశారో వ్రాసిపెట్టే కాగితం లేదు. మూడు నెలలకొకసారి తూకం తీసే ఏర్పాటు లేదు. ప్రక్క మంచం ఆయన ఒకనాటి రాత్రి స్నానాలగదిలో జారిపడితే, అది ఎప్పుడు జరిగింది, ఎంతసేపటికి చూశారు అన్నది ఎక్కడా నమోదు కాలేదు.

“మరి మీ అబ్బాయిగారికి చెప్పారా?” అని అడిగాను.

“చెబితే వాడు మేనేజరుకు ఫోను చేస్తాడు. వాడు ఉండేది అక్కడ, నేను ఉండేది ఇక్కడ” అని ఆయన మందహాసం చేశారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు, లెక్క ఉన్నది. పరాధీనుడైన మనిషి ఫిర్యాదు చేసే ముందు దాని ధర లెక్కవేసుకుంటాడు. ఆశ్రమాలలో ఫిర్యాదులు తక్కువని యజమానులు గర్వంగా చెప్పే మాటకు అర్థం చాలాచోట్ల ఇదే.

ఆ గృహంలో రాత్రిపూట పదకొండు మంది వృద్ధులకు ఒకే అటెండెంటు. జార్ఖండ్ నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ యువతి. ఏజెన్సీ ద్వారా కుదిరింది. పన్నెండు గంటల డ్యూటీ. ఏజెన్సీ తన భాగం మినహాయించుకొని మిగిలినది ఆమె చేతిలో పెడుతుంది. మంచం పట్టిన మనిషిని ఎట్లా ప్రక్కకు తిప్పాలో ఎవరు నేర్పారని హిందీలో అడిగితే, “ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను” అన్నది. ఆమెను దోషిగా నిలబెట్టడం అన్యాయం. పదకొండు మందిలో ఇద్దరు ఒకే క్షణంలో గంట మ్రోగిస్తే ఆమె ఒకరి దగ్గరకే పోగలదు. రెండవవారు తామే లేచి వెళ్ళే ప్రయత్నం చేస్తారు. తుంటి ఎముక విరగడానికి అంతకన్న ఎక్కువ కారణం అక్కరలేదు. ఆ వయస్సులో తుంటి విరిగినవారిలో పలువురు మునుపటివలె మరల నడవరు. కొందరు ఏడాది కూడా దాటరు.

వృద్ధాశ్రమంలో భద్రత అంటే ద్వారం దగ్గర కాపలావాడు కాదు. కదలలేని మనిషిని రెండేసి గంటలకు ఒకమారు ప్రక్కకు తిప్పకపోతే పడకపుండ్లు పడతాయి. పుండు లోతుకు దిగితే ప్రాణాంతకం. మింగడం కష్టమైనవారికి తొందరగా తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్షవాతపు మందు ఒకరిది ఇంకొకరికి పోయినా, చక్కెరవ్యాధి మాత్ర రెండుమార్లు పడినా తెల్లవారేసరికి అనర్థం జరిగి ఉంటుంది. రాత్రిపూట లేచి తిరుగుతారన్న కారణంగా మతిమరుపు వ్యాధిగ్రస్తులకు నిద్రమాత్రలు వేసి పడుకోబెట్టడం, మంచానికి చున్నీతో కట్టడం సులభమైన ఉపాయాలు. వీటిని అక్కడివారు క్రౌర్యంగా భావించరు. పని జరిగే మార్గంగా భావిస్తారు. ఒక్కరు చేయవలసిన పనిని ముగ్గురికి పంచితే దయగా జరిగేది, ముగ్గురి పనిని ఒక్కరిపై వేస్తే కఠినంగా జరుగుతుంది. సేవ నాణ్యత అన్న పెద్ద మాటకు అసలు అర్థం ఇంతే. ఎందరికి ఎందరు, వారికి ఏమి తెలుసు, చేసినదాన్ని వ్రాసిపెట్టారా, వ్రాసినదాన్ని బయటివారెవరైనా చదివారా?

చివరి ప్రశ్న అన్నింటికన్న ముఖ్యమైనది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా భయంతో ఎన్నో ఆశ్రమాలు సందర్శకులకు తలుపులు మూసివేశాయి. ఆ మూసివేత అప్పటికి తప్పనిసరి కావచ్చు. కాని ఆశ్రమాలపై ఉన్న ఒకే ఒక తనిఖీ, ఆదివారంనాడు వచ్చిపోయే బంధువుల చూపు, ఆనాడు అదృశ్యమైంది. దానికి బదులుగా నిలబడగలిగిన వ్యవస్థ ఏదీ మన వద్ద లేదని అప్పుడే తేటతెల్లమైంది.

ఇతరుల విషయంలో మన చట్టాలు ఇంత మెతకగా లేవు. అనాథ బాలలకు ఆశ్రయమిచ్చే ప్రతి సంస్థా నమోదు కావలెనని 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ఆజ్ఞాపిస్తున్నది. నమోదు చేయించనివారికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంస్థ దేన్నైనా నమోదు కాకుండా నడపరాదని 2017 నాటి చట్టం చెబుతున్నది. కారాగారాలకు సైతం సందర్శకుల మండలులున్నాయి. బాలునికి, మానసిక రోగికి, ఖైదీకి బయటి కన్ను అవసరమని గుర్తించిన రాజ్యం, వృద్ధుని దగ్గరకు వచ్చేసరికి ఆయన బిడ్డలు చూసుకుంటారులే అనుకున్నది. బిడ్డలు దగ్గర లేకనే కదా ఆయన ఆశ్రమానికి వచ్చినది!

ఈ లోపం ఇవాళ్టిది కాదు. అనాథాశ్రమాల, ఇతర ధర్మగృహాల పర్యవేక్షణకు పార్లమెంటు 1960లోనే ఒక చట్టం చేసింది. రిజిస్ట్రేషన్, నియంత్రణ మండలి, తనిఖీ, అన్నీ అందులో ఉన్నాయి. కాని ‘గృహం’ అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం స్త్రీలకూ బాలలకూ ఆశ్రయమిచ్చే సంస్థలకే పరిమితమైంది. వృద్ధుడన్న మాట అందులో చేరలేదు. ఆనాడు ఉమ్మడి కుటుంబాలు విస్తారంగా ఉన్నాయి. ముసలివారికి ఆశ్రమమేమిటని శాసనకర్తలు అనుకొని ఉండవచ్చు. నేడు ఆ ఊహకు ఆధారం లేదు. 2011 జనగణన ప్రకారం అరవై దాటినవారు దేశంలో 10 కోట్ల 38 లక్షలు. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో ప్రచురించిన నివేదిక 2022 నాటికి వారిని 14.9 కోట్లుగా అంచనా కట్టింది. 2050 నాటికి 34.7 కోట్లు, అంటే జనాభాలో అయిదవ వంతుకు పైగా ఉంటారన్నది. పిల్లలను విదేశాలకు పంపడంలో ముందున్న తెలుగువారికి ఈ లెక్కలు వేరుగా బోధపరచనక్కరలేదు. హైదరాబాదు, విజయవాడ శివార్లలో వెలిసిన వృద్ధుల వసతిగృహాల బోర్డులే ఆ పని చేస్తాయి.

న్యాయస్థానం తన వంతు చెప్పింది. మాజీ న్యాయశాఖ మంత్రి అశ్వనీకుమార్ దాఖలు చేసిన వ్యాజ్యంలో 2018 డిసెంబరు 13న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, వృద్ధుల హక్కులు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో అంతర్భాగమని గుర్తించింది. జిల్లాకు ఎన్ని ఆశ్రమాలున్నవో రాష్ట్రాల నుంచి సమాచారం తెప్పించవలసిందిగా కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం చేసి పదకొండేళ్ళు గడిచిన తరువాత, ఆశ్రమాలు ఎన్ని అన్న మొదటి లెక్కకే అత్యున్నత న్యాయస్థానం ఆదేశం కావలసివచ్చిందన్నమాట.

మరుసటి ఏడాది ప్రభుత్వం కదిలిన మాట కూడా చెప్పకపోవడం న్యాయం కాదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు మంచి బిల్లు. పదివేల రూపాయల గరిష్ఠ పరిమితిని పోషణ వ్యయం నుంచి తొలగించడం, కోడలినీ అల్లునీ కూడా బాధ్యుల జాబితాలో చేర్చడం పత్రికల శీర్షికలకు ఎక్కాయి. శీర్షికకు ఎక్కని అసలు విశేషం వేరు. వృద్ధుల సంరక్షణ గృహాలు, ఇంటికి వచ్చి సేవలందించే ఏజెన్సీలు తప్పనిసరిగా నమోదు కావాలనీ, వాటికి కేంద్రం కనీస ప్రమాణాలు నిర్ణయించాలనీ ఆ బిల్లు ప్రతిపాదించింది. ‘వచ్చును’ స్థానంలో ‘వలెను’ వచ్చే అవకాశం అప్పుడు కలిగింది.

బిల్లు స్థాయీసంఘానికి వెళ్ళింది. సంఘం 2021 జనవరిలో నివేదిక సమర్పించింది. ఆ తరువాత 17వ లోక్‌సభ మూడేళ్ళకు పైగా సాగింది. ఎన్నో బిల్లులు గంటల వ్యవధిలో ఆమోదం పొందాయి. పార్లమెంటు పాత భవనం వదలి 2023 సెప్టెంబరులో కొత్త భవనానికి మారింది. వృద్ధుల బిల్లు మాత్రం కదలలేదు. 2024 జూన్‌లో సభ రద్దు కావడంతో, రాజ్యాంగం 107వ అధికరణ ప్రకారం, లోక్‌సభలో మిగిలిపోయిన తక్కిన బిల్లులతో పాటు అదీ మురిగిపోయింది. దాన్ని ఎవరూ వ్యతిరేకించలేదు. వ్యతిరేకత ఉంటే కనీసం చర్చ జరిగేది. అందరికీ ఇష్టమైనది, ఎవరికీ తొందర లేనిది అయిన బిల్లుకు పట్టే గతి అదే.

ఇరుగుపొరుగు దేశాలను చూసినా మనం నేర్చుకోవలసినది కొంత ఉన్నది. శ్రీలంక 2000 సంవత్సరంలోనే వృద్ధుల హక్కుల రక్షణ చట్టం తెచ్చి, వృద్ధులకు నివాసం కల్పించే సంస్థల నమోదుకు అందులో ఏర్పాటు చేసింది. బంగ్లాదేశ్ 2013లో చేసిన తల్లిదండ్రుల పోషణ చట్టం, వారి ఇష్టానికి వ్యతిరేకంగా వారిని వృద్ధాశ్రమంలో ఉండవలసిందిగా బలవంతపెట్టరాదని సంతానాన్ని నిషేధించింది. మనకన్న చాలా ముందుగా ఈ దారిలో నడిచిన బ్రిటన్‌లో, ఇంగ్లండుకు సంబంధించి 2009 నుంచి ఒక స్వతంత్ర కమిషన్ తనిఖీలు చేస్తున్నది. తనిఖీలో వచ్చిన శ్రేణిని గృహం తన ఆవరణలో అందరికీ కనబడేటట్లు ప్రదర్శించి తీరాలి. ఆ దేశంలో ఘోరాలు జరగలేదని కాదు. జరిగినప్పుడు ఎవరు చూడవలసింది, ఎందుకు చూడలేదు అని నిలదీసేందుకు ఒక చిరునామా ఉన్నది. మనకు లేనిది ఆ చిరునామాయే. దేశంలోనూ కొన్ని రాష్ట్రాలు కేంద్రం కోసం వేచి ఉండలేదు. తమిళనాడు 2016లోనే వృద్ధుల గృహాల నమోదుకూ కనీస వసతులకూ మార్గదర్శకాలు జారీ చేసింది. కేరళ శాసనసభ 2025లో వృద్ధుల కొరకు ప్రత్యేక కమిషన్ ఏర్పాటుకు బిల్లు ఆమోదించింది.

నమోదు తప్పనిసరి చేస్తే ఇన్‌స్పెక్టర్ల రాజ్యం వస్తుంది, మామూళ్ళు పెరుగుతాయి, చందాలపై నడిచే చిన్న ఆశ్రమాలు మూతపడతాయి అన్న వాదన ఒకటి ఉన్నది. దీన్ని కొట్టిపారవేయలేము. వీధిలో పడి ఉన్న ముసలివాణ్ణి తెచ్చి అన్నం పెడుతున్న పుణ్యాత్ముని దగ్గరకు పోయి నీ గది ఏడున్నర చదరపు మీటర్లు లేదని తాళం వేస్తే, ఆ ముసలివాడు మరల వీధికే పోతాడు. అందుచేత గదికొలతలతో మొదలుపెట్టకూడదు. రాత్రి మేలుకొని ఉండే మనిషితో, మందుల కాగితంతో, నిప్పు అంటుకుంటే మంచం పట్టినవారిని దింపే దారితో మొదలుపెట్టాలి. వీటికి పెద్ద ఖర్చు కాదు. ఆ ఖర్చు కూడా భరించలేని ధర్మసంస్థకు గ్రాంటు ఇవ్వడం ప్రభుత్వ విధి. రాజ్యాంగం 41వ అధికరణ, రాజ్యం తన ఆర్థికశక్తికి లోబడి వార్ధక్యంలో సహాయం అందించవలెనని చెబుతున్నది. ఆ ఆర్థికశక్తిని మన పాలకులు ఎట్లా లెక్కిస్తున్నారో తెలుసుకోవాలంటే, జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా చాలు: ఎనభై ఏళ్ళలోపు వారికి చాలా ఏళ్ళుగా నెలకు 200 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో వృద్ధుల పింఛనును 4,000 రూపాయలకు పెంచగలిగినప్పుడు, కేంద్రం వాటా అక్కడే ఆగిపోవడానికి కారణం శక్తి చాలకపోవడమని నమ్మడం కష్టం.

తనిఖీని ఒక్క అధికారి చేతిలో పెట్టనవసరం కూడా లేదు. విరమించిన నర్సు ఒకరు, వైద్యుడొకరు, ఆశ్రమవాసుల కుటుంబాల నుంచి ఒకరు, ఆశ్రమవాసులలోనే ఒకరు, వీరితో ఒక సందర్శకుల సంఘం ఉండి, ముందుగా కబురు చేయకుండా, అప్పుడప్పుడు రాత్రిపూట వెళ్ళి, చూసినది వ్రాసి ఆశ్రమం గోడకు అంటించాలి. బీహారులోని ముజఫర్‌పూర్ బాలికల వసతిగృహంలో జరిగిన దారుణం 2018లో లోకానికి తెలిసినది ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ల వల్ల కాదు. టాటా సాంఘిక శాస్త్రాల సంస్థ బృందం చేసిన సామాజిక తనిఖీ వల్ల. అక్కడ చట్టం ఉన్నది, రిజిస్ట్రేషన్ ఉన్నది. బయటివారు లోపలికి వెళ్ళి బాలికలతో మాట్లాడే వరకు ఏదీ బయటపడలేదు. కాబట్టి ‘వలెను’ అన్న మాట ఒక్కటే చాలదు. ఆ మాట లేకుండా మాత్రం బయటివారికి లోపలికి వెళ్ళే హక్కే రాదు.

ఈ లేఖ చదివేవారిలో పెద్దలను ఆశ్రమంలో చేర్పించవలసి వచ్చినవారు ఉంటారు. చేర్పించడం పాపమని చెప్పే అధికారం నాకు లేదు. చాలామందికి అదే ఉన్నంతలో మంచి మార్గం. చేర్పించే ముందు తోట చూడవద్దని కాదు, తోటతో పాటు రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఒకమారు వెళ్ళి చూడండి. మెలకువగా ఎందరున్నారో లెక్కించండి. మందుల కాగితం చూపమని అడగండి. మంచం దిగలేనివారిని పై అంతస్తులో ఉంచారా అని అడగండి. అడిగినందుకు కోపగించుకునే చోట చేర్పించకండి.

అయితే దేశంలోని ప్రతి వృద్ధునికీ అట్లా వెళ్ళి చూసే కొడుకో కూతురో ఉండరు. వారి కోసమే చట్టం కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది సభ్యులున్నారు. పార్టీలు వేరు కావచ్చు. అందరి ఇళ్ళలోనూ పెద్దవారున్నారు. మురిగిపోయిన బిల్లును తిరిగి తెమ్మని ప్రభుత్వాన్ని వారు కలిసి అడగవచ్చు. ప్రభుత్వం తేకపోతే వారిలో ఎవరైనా ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల బిల్లుగా దాన్ని సభ ముందు పెట్టవచ్చు. అటువంటి బిల్లులు నెగ్గవన్నది సాధారణంగా నిజం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత చట్టాలుగా మారినవి పద్నాలుగే. 1970 తరువాత ఒక్కటీ లేదు. కాని పైన చెప్పిన 1960 నాటి అనాథాశ్రమాల చట్టం ఆ పద్నాలుగింటిలో ఒకటి. రాజ్యసభ సభ్యుడు కైలాష్ బిహారీలాల్ తెచ్చిన బిల్లు అది. స్త్రీలకూ బాలలకూ ఆనాడు ఒక్క సభ్యుడు చేయగలిగిన పని, వృద్ధులకు ఈనాడు అరవై మందిలో ఒక్కరైనా తలపెట్టకూడదా?